భీముడి బలం 98, దుర్యోధనుడి బలం 96

తిరుపతి,
ఆదివారం రాత్రి

అమ్మణ్ణీ,

నీ నోటుబుక్కు మీ అమ్మ తెచ్చి ఇచ్చింది. సంచిలో ఊరగాయ సీసాకి ఆనుకుని ఉన్నట్టుంది, ద్రోణుడి పేజీ మీద నూనె మరక పడింది. అంకెలు మాత్రం చెరగలేదు. రెండు రాత్రులు కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. 32 పాత్రలు, ఒక్కొక్కరికి 12 సామర్థ్యాలు, ఒక్కోదానికి 100కి ఇన్ని అని మార్కులు. మొత్తం 384 అంకెలు. ఆలోచించకుండా వేసింది ఒక్కటీ లేదని కొట్టివేతలు చూస్తేనే తెలిసిపోయింది. ఘటోత్కచుడి పేజీలో మాయ దగ్గర నాలుగుసార్లు కొట్టేసి మళ్ళీ రాశావు. చిన్నప్పుడు భారతం మిట్ట కాడ నా ఒళ్ళో కూర్చుని తెల్లవార్లూ నాటకం చూసిన పిల్లవి. ఆ కథతో, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా ఆడే ఆటని సొంతంగా కడుతున్నావంటే నాకు ఎంత సంతోషంగా ఉందో!

అందుకే ఫోన్లో బాగుందని రెండు ముక్కలు చెప్పి వదిలెయ్యలేదు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను, ఇరవై ఏళ్లుగా ఆదివారాలు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఇట్లాంటి ఆటలే ఆడిస్తున్నాను. ఈ అంకెల దగ్గర నేను పడిన తిప్పలు నువ్వు పడకూడదని రాస్తున్నాను.

ముందు భీముడి పేజీ తియ్యి. బలం 98. పక్క పేజీలో దుర్యోధనుడి బలం 96. ఈ 2 తేడా ఆట మధ్యలో ఎప్పుడు బయటపడుతుంది? ఇద్దరూ నూరుసార్లు తలపడితే భీముడు ఎన్నిసార్లు గెలవాలి? పుస్తకమంతా వెతికినా దీనికి జవాబు లేదు. నువ్వు వేసినవి బడిలో వేసే మార్కుల్లా ఉన్నాయి తల్లీ. ఎవరు ఎంత గొప్పవాళ్లో చెబుతున్నాయి గానీ, ఆటలో ఏం జరుగుతుందో చెప్పడం లేదు. ఈ మనిషి ఈ పనికి దిగితే పదిసార్లలో ఎన్నిసార్లు అవుతుందో ఆడేవాళ్లకి నువ్విచ్చే మాటే అంకె. ఆ మాట ఇవ్వలేని చోట అంకె వెయ్యొద్దు. కర్ణుడికి 12లో 9 చోట్ల 95 పైనే ఉన్నాయి. నువ్వు కర్ణుడి పక్షమని తెలుసు, నేనూ ఆ పక్షమే. అయినా ఆయన దానగుణాన్ని తెచ్చి విలువిద్యలో కలపకూడదు.

ఆ భీమ దుర్యోధనుల సంగతి శల్యపర్వంలో కృష్ణుడే తేల్చి చెప్పాడు. ఆఖరి గదాయుద్ధం అప్పుడు, వీళ్ళిద్దరిలో ఎవరు మేటి అని అర్జునుడు అడుగుతాడు. ఇద్దరికీ దొరికిన చదువు సమానమే, బలం భీముడిది ఎక్కువ, సాధన దుర్యోధనుడిది ఎక్కువ అంటాడు కృష్ణుడు. పదమూడేళ్లు ఇనుముతో చేసిన భీముడి బొమ్మ మీద గద తిప్పినవాడు మరి! నువ్వు ఈ రెండింటినీ కలిపి బలం అనే ఒక్క గడిలో కూరేశావు. విడదీసి, 100కి బదులు 6కి లెక్క వేసి చూడు. బలం భీముడికి 6, దుర్యోధనుడికి 5. గదాసాధన భీముడికి 4, దుర్యోధనుడికి 6. నియమం ప్రకారం గద తిప్పినంతసేపూ సాధన లెక్కకి వస్తుంది. ఒడిసిపట్టుకుని కిందపడి పెనుగులాడితే బలం లెక్కకి వస్తుంది. నర్తనశాల చీకట్లో కీచకుణ్ణి చంపింది బలమే. ఇప్పుడు గదాయుద్ధంలో భీముడి ఆట ఆడే పిల్లకి చెమటలు పడతాయి. అట్లాగే కొనసాగితే ఓడిపోతానని ఆమెకే అర్థమవుతుంది. అప్పుడు అర్జునుడి ఆట ఆడేవాడు తన తొడ చరిచి చూపిస్తాడు. నియమం తప్పి తొడమీద కొడతావా, కొట్టవా? కొడితే రెండు గింజలు అదనంగా ఇవ్వు, దానికి బదులు బలరాముడు నాగలెత్తి మీదికి వస్తాడు. మన ఊళ్ళలో భారతం ఉత్సవం ఆఖరి రోజు మట్టితో చేసిన దుర్యోధనుడి బొమ్మ చుట్టూ వేషగాళ్ళిద్దరూ దుమ్ము లేచేలా పరిగెత్తుతుంటే, రొప్పుతున్న భీముడి మొహం మీద రంగు చెమటతో కారిపోతుంటే, ఊరంతా ఊపిరి బిగబట్టి చూసేది ఈ తొడదెబ్బ కోసమే కదా. 98కీ 96కీ మధ్య ఆ ఉత్కంఠ యాడ పుడుతుంది?

గింజలు అన్నాను కదా, అదేంటో చెబుతాను. నీ ఆటకి పది ముఖాల పాచికలు రెండు కావాలని రాశావు. పల్లెల్లో పిల్లలకి అవి దొరకవు. చింతగింజలు తీసుకుని ఒక పక్క రాతి మీద తెల్లగా వచ్చేదాకా అరగదియ్యి. సామర్థ్యం ఎంతో అన్ని గింజలు వెయ్యాలి, తెలుపు పైకి పడినవి లెక్కపెట్టాలి. మామూలు పనికి 2 తెలుపులు చాలు, చాలా కష్టమైన పనికి 4 కావాలి. లెక్క నేను వేసి పెట్టాను. 2 గింజలున్నవాడికి మామూలు పని నాలుగింట ఒకసారి అవుతుంది. 3 ఉంటే రెండింట ఒకసారి. 4 ఉంటే 16లో 11 సార్లు, 5 ఉంటే 32లో 26 సార్లు, 6 ఉంటే 64లో 57 సార్లు. చూశావా, రెండు నుంచి మూడుకి పోతే మనిషి దశే మారిపోతుంది. అయిదు నుంచి ఆరుకి పోతే మామూలు పనుల్లో పెద్ద తేడా రాదు. అదే 4 తెలుపులు కావలసిన పనికి పెట్టి చూడు. 4 గింజలవాడికి 16లో ఒక్కసారి, 5 గింజలవాడికి 32లో 6 సార్లు, 6 గింజలవాడికి 64లో 22 సార్లు. అంటే గొప్పవాడి గొప్ప కష్టమైన చోటే కనిపిస్తుంది. అర్జునుణ్ణి తీసుకొచ్చి మామిడికాయ కొట్టమంటే ఆయన 6 వృథా. మత్స్యయంత్రం పెట్టు, అప్పుడు తెలుస్తుంది.

గింజ రెండు పక్కలా సమంగా పడుతుందనుకుని వేసిన లెక్క ఇది. సరిగ్గా అరగకపోతే ఒక పక్కకే పడుతుంది. ఒక్కో గింజనీ నూరుసార్లు వేసి రాసుకో. తెలుపు 40 నుంచి 60 లోపల పడితే ఉంచుకో, దాటితే పారెయ్యి. విసుగు పుట్టే పనే, కానీ ఇది చెయ్యకుండా మిగతా లెక్కంతా వేసి ప్రయోజనం లేదు.

ఇంక అంకెలు వెయ్యడం భీముడి దగ్గర మొదలుపెట్టొద్దు. నువ్వు పైనుంచి కిందికి వచ్చావు, అందుకే దాదాపు అందరూ 80 పైనే ఇరుక్కున్నారు. మన ఊళ్ళో సేద్యం చేసుకునే మనిషి ఒకరిని తలుచుకో, వాళ్ళకి అన్నింట్లో 2 వెయ్యి. పనిగా నేర్చుకున్నవాళ్ళకి 3, చుట్టుపక్కల ఊళ్ళకి పేరు తెలిసినవాళ్ళకి 4, రాజ్యమంతా తెలిసినవాళ్ళకి 5. 6 మాత్రం ఒక్కో సామర్థ్యానికి ఒక్కరికే, మరీ తప్పకపోతే ఇద్దరికి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తోనే ఈ రకం ఆటలకి ఊపు వచ్చింది. అందులో ఆరే సామర్థ్యాలు, ఆరు ముఖాల పాచికలు మూడు వేసి కూడితే వచ్చే 3 నుంచి 18 దాకా అంకెలు. మూడు పాచికలు 216 రకాలుగా పడొచ్చు. అందులో 10 వచ్చేవి 27, 11 వచ్చేవి 27, 18 వచ్చేది ఒకే ఒక్కటి. జనం మధ్యలో ఉంటారు, మహావీరుడు ఎక్కడో ఒకడుంటాడు. ఆ పద్ధతిలో నాకు నచ్చేది అదే.

12 సామర్థ్యాలు ఎక్కువ. ధైర్యం, తెగువ, సాహసం అని మూడు గడులు పెట్టావు. ధైర్యంతో అయ్యి తెగువతో కాని పని కథలో ఒక్కటి చూపించు, రెండూ ఉంచుకుందాం. నేను వెతికాను, దొరకలేదు. ఆ మూడింటికీ కలిపి నిబ్బరం అని ఒక్కటి పెట్టుకో. నా మటుకు బలం, సాధన, బుద్ధి, మాట, నిబ్బరం, ఈ అయిదూ చాలు. సాధన మాత్రం గద, విల్లు, జూదం, గుర్రాలు అని ఎవరి విద్యని బట్టి వాళ్ళకి. మాటా నిబ్బరమూ వేరుగా ఎందుకంటావేమో, ఉత్తరుణ్ణి చూడు. ఉత్తర కుమార ప్రగల్భాలు అని ఊరికే అనలేదు మనవాళ్ళు. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు మాట 4, కౌరవసేన కనబడగానే నిబ్బరం 1, రథం దిగి పరుగో పరుగు. నీ పుస్తకంలో ఆ పిల్లవాడు లేనేలేడు! నాకు పుస్తకం మొత్తంలో బాధ కలిగించింది అదొక్కటే. కొత్తగా ఆట నేర్చుకునే పిల్లకి ఇవ్వడానికి ఉత్తరుణ్ణి మించిన పాత్ర లేదు. యుద్ధం మొదటిరోజే ఏనుగెక్కి శల్యుడి మీదికి పోయి ప్రాణం ఇచ్చాడు ఆ పారిపోయినవాడే. నిబ్బరం 1 నుంచి 4కి ఎక్కింది. ధర్మరాజు జూదం కూడా అంతే. శకుని ముందు కూర్చున్ననాడు ఆయన జూదం 1, ఇష్టమే గానీ ఆట రాదు. అడవిలో బృహదశ్వుడనే ముని అక్షహృదయం నేర్పాక 5 వెయ్యొచ్చు. విరాటుడి కొలువులో కంకుభట్టుగా బతికింది ఆ విద్యతోనే. కాబట్టి ప్రతి అంకె పక్కనా ఒక ఖాళీ గడి వదులు. కథలో నిజంగా ఏదో జరిగితేనే అది నింపాలి.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక పిల్లవాడు మా ఇంటికాడ కర్ణుడి ఆట ఆడాడు. శాపాలున్నాయి కదా అని కర్ణుడి ప్రతి అంకెలోంచీ ఒకటి తీసేశాను. సాయంత్రమంతా ఆ పిల్లవాడు ఏం చేసినా అరకొరగానే అయింది. మెల్లిగా మాట్లాడడం మానేశాడు, ఇంటికి పోయేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, కర్ణుడు ఇంతేనా టీచర్ అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు. కర్ణుడి చావుకి కారణాలెన్నో అంటారు, ఆ కారణాల్లో చేతగానితనం లేదు. విలువిద్య 6 అలాగే ఉండాలి. శాపాన్ని అంకెలోంచి తియ్యకూడదు, కాగితం కింద మాటల్లో రాయాలి. ప్రాణం మీదికి వచ్చిన రోజున అస్త్రం గుర్తుకు రాదు. రథచక్రం భూమిలో కుంగుతుంది. ఇంద్రుడిచ్చిన శక్తి ఒక్కసారికే పనికొస్తుంది, ఎవరి మీద వాడాలో ఆడేవాడే తేల్చుకోవాలి. అప్పుడు ఘటోత్కచుడు వచ్చిన రాత్రి ఆ పిల్లవాడి చెయ్యి వణుకుతుంది చూడు. శల్య సారథ్యం కూడా ఇట్లాగే. పక్కన కూర్చుని తీసిపారేసేవాడు ఉన్నంతసేపూ కర్ణుడి నిబ్బరంలో ఒక గింజ తక్కువ వేస్తే చాలు.

సైంధవుడి అన్ని గడుల్లో 88 వేశావు. అభిమన్యుడు పోయిన రోజు నలుగురు పాండవుల్ని ఆపాడు కాబట్టి అంత వేశావనుకుంటాను. ఆయన సాధన 4 మించదు తల్లీ. శివుడి వరం వల్ల అర్జునుడు లేని ఒక్కరోజు ఆపగలిగాడు. అదీ మాటల్లోనే రాయి.

నకులసహదేవుల్ని అన్నింట్లో 70లతో వదిలేస్తే ఎవరూ ఎంచుకోరు. నకులుడికి గుర్రాలు, సహదేవుడికి పశువులు, ఆ చోట్ల 5 ఉండాలి, ఆ విద్యలు పనికొచ్చే ఘట్టం ఒక్కటైనా ప్రతి ఆటలో పెట్టు.

ద్రౌపది పేజీలో అందం 99 కొట్టెయ్యి. ఆ అంకెతో ఆడేవాళ్లు ఏం చేస్తారో ఆలోచించు, నాకైతే అది ఇష్టం లేదు. తనను తాను ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిదని నిండుసభలో అడిగితే భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమైందని ఊరుకున్నాడు. మాట 6 వెయ్యి, ఆ ఒక్క 6 ఆమెదే. పుత్తూరు వైపు ద్రౌపదమ్మ గుడి ముందు జనం నిప్పులు తొక్కుతారు. మన దగ్గర ఆమె పాత్ర మాత్రమే కాదు, అమ్మవారు. ఎవరికిచ్చినా ఆ మాట చెప్పి ఇవ్వు. కృష్ణుడికి అసలు అంకెలే వద్దు. ఆయుధం పట్టనని మాట ఇచ్చినవాడు, ఆయన్ని ఆట నడిపేవాళ్ల దగ్గరే ఉంచు, ఎవరికైనా దారి తోచనప్పుడు ఒక మాట చెప్పడానికి.

అన్నీ రాశాక ఒక్కరోజులో ఆట మొత్తం ఆడించొద్దు. ఇద్దర్ని తీసుకుని ఒకే పోరు ఇరవైసార్లు వేసి చూడు, ఎవరు ఎన్నిసార్లు గెలిచారో గీతలు పెట్టుకో. నీ మనసులో ఉన్న లెక్కకీ ఆ గీతలకీ పొంతన లేకపోతే ఒక్క అంకె మాత్రం మార్చి మళ్ళీ ఇరవైసార్లు వెయ్యి. రెండు మూడు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఆడేవాళ్ల మొహాలు కూడా చూడు. ఎవరైనా తన వంతు రాకముందే గింజలు చేతిలోకి తీసుకుంటున్నారంటే ఆ పాత్ర కుదిరినట్టే.

వచ్చే ఆదివారం రా. 32 పేజీలూ తిరగరాయాలని కూర్చోవద్దు, ఉత్తరుడి పేజీ, దుర్యోధనుడి పేజీ రాసుకొస్తే చాలు. గింజలు నేను అరగదీసి పెడతాను, నూరుసార్లు వెయ్యడం మాత్రం ఇద్దరం కూర్చుని చేద్దాం. మధ్యాహ్నానికి సంగటి, ఊరుబిండి చేస్తాను.

మీ పెద్దమ్మ