ఏబీసీ ఖాతాలో పాత కాలేజీ క్రెడిట్లు సున్నా చూపిస్తుంటే

ఏబీసీ అంటే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్, పాసైన కోర్సులకు వచ్చే క్రెడిట్లను (పాయింట్లను) జమచేసే ఆన్‌లైన్ ఖాతా. అందులో ఐడీ తీసినంత మాత్రాన క్రెడిట్లు వచ్చి పడవండీ. మీ పాత యూనివర్సిటీ ఇంకా జమ చేసి ఉండదు. ఆ పని విద్యాసంస్థదే. మీరు నేరుగా మార్కుల మెమోలు పంపినా అకడమిక్ బ్యాంక్ తీసుకోదు.

1. డిజిలాకర్‌లో మీ 12 అంకెల ఐడీ తెరవండి.

2. అందులోని పేరు, పుట్టిన తేదీని మెమోతో అక్షరం అక్షరం పోల్చండి. చాలామంది వదిలేసేది ఇదే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, మెమోలో పొడి అక్షరమే ఉంటే రికార్డు జతపడక ఆగిపోతుంది. ముందు ఆ తేడా సరిచేయించండి, లేకపోతే తర్వాత ఎంత తిరిగినా వృథా.

3. ఐడీ, హాల్‌టికెట్ నంబరు, సెమిస్టర్లు రాసి పాత యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచిలో అర్జీ ఇవ్వండి. అనుబంధ కాలేజీ అయితే సాధారణంగా ప్రిన్సిపాల్ ద్వారా పంపాలి.

జమైన క్రెడిట్లకు గడువు గరిష్ఠంగా 7 ఏళ్లు.