బాండు ఏడాదికి కొండెక్కుతున్న మేనకోడలికి

అమ్మలూ,

పీజీ అయ్యాక ఏడాది సర్కారు ఆసుపత్రిలో పనిచేస్తానని రాసిచ్చిన బాండుకి, పాడేరు ఏజెన్సీలో పోస్టింగ్ నువ్వే కోరి తీసుకున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. సంతోషంగా చెప్పలేదు. "అక్కా, బాండు డబ్బు ఎంతయితే అంత కట్టేసి బయటపడదామంటే వినడం లేదు, నువ్వయినా చెప్పు" అన్నాడు. వాడికి ధైర్యం చెప్పి పెట్టేశాను గానీ నాకూ నిద్ర పట్టలేదు. మన ఇంటి పిల్ల డాక్టరై ఆ కొండల్లోకే వెళ్తోందని కాసేపు పొంగిపోయాను, వానాకాలంలో ఆ ఘాట్ రోడ్డు తల్చుకుని కాసేపు హడలిపోయాను. ఒక్క మాట మాత్రం మనసులో ఉంచుకోలేను. ఈ కబురు నీ నోటి నుంచి రావాల్సింది. స్టాఫ్ నర్సుగా ఆ చుట్టుపక్కలే పనిచేసి రిటైరైన అత్తని పెట్టుకుని, ఆర్డరు చేతికొచ్చేదాకా చెప్పవా?

డబ్బు కట్టే మాట ఇక ఎత్తొద్దని మీ నాన్నకి చెప్పాను. ప్రైవేటులో లక్షలు పోసి కొనుక్కునే పీజీ సీటు నీకు సర్కారు ఫీజుకి వచ్చింది. మిగతాది కట్టినవాళ్లలో ఆ కొండమీది జనం కూడా ఉన్నారు, వాళ్లు కొనే సబ్బు మీది పన్ను దగ్గర్నుంచి. కోర్టుకెళ్తే ఏమైనా అవుతుందా అని కూడా అడిగాడు వాడు. 2019 ఆగస్టులో జస్టిస్ నాగేశ్వరరావు గారి బెంచి సుప్రీంకోర్టులో ఈ బాండ్లు చెల్లుతాయని తీర్పిచ్చింది. రాష్ట్రానికో రకంగా ఉన్న షరతులు అందరికీ ఒకేలా ఉండేలా చూడమని కూడా చెప్పింది. ఆ రెండో మాట న్యాయమైనదే. పిల్లల్ని ఏడాది పనిచేయమనే సర్కారు, క్వార్టర్సుకి తలుపులు, స్టోర్లో మందులు, నెలనెలా జీతం చూడకపోతే ఆ బాండుకి ఒకవైపు సంతకమే ఉన్నట్టు. ఇది నేను సర్వీసులో ఉన్నప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

మామూలు జాగ్రత్తలు గబగబా చెప్పేస్తాను. జాయినింగ్ రిపోర్టు కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకుని దాచుకో. ఏడాది చివర బాండు పూర్తయిన సర్టిఫికెట్ కోసం తిరిగేటప్పుడు ఆ కాగితమే దిక్కు. మొదటి జీతం ఆలస్యమవుతుంది, మూడు నెలల ఖర్చు దగ్గర పెట్టుకో. దోమతెర లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోకు, అక్కడి మలేరియాతో ఆటలొద్దు. రాత్రి ఎవరు పిలిచినా డ్యూటీ సిస్టర్‌కో వాచ్‌మన్‌కో చెప్పకుండా క్వార్టర్ దాటకు. సంత రోజు ఓపీ కిటకిటలాడుతుంది, ఆ రోజు సెలవు పెట్టకు. కొండ దిగి వచ్చిన ముసలమ్మకి మళ్లీ వారం దాకా దిగే ఓపిక ఉండదు. శుక్లాలతో చూపు మసకబారి కూడా "వయసు కదా" అని ఊరుకునేవాళ్లు ఆ గుంపులోనే ఉంటారు. నీ కంటి చదువు వాళ్లకే ఎక్కువ కావాలి.

ఇక అసలు సంగతి. ఇది తాపీగా కూర్చుని చదువు.

నీది కళ్ల సబ్జెక్టు. అయినా చిన్న ఆసుపత్రుల్లో రాత్రి క్యాజువాలిటీ డ్యూటీ వంతులవారీగా అందరికీ పడుతుంది. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో అలాగే ఉండేది. కాగితం మీద సీహెచ్‌సీ, అంటే కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌కి, 30 పడకలు, స్పెషలిస్టులు 4 రకాల వాళ్లు, గిరిజన ప్రాంతంలో 80 వేల మందికి ఒకటి. మా దగ్గర ఆ రాత్రి ఉన్నది బాండు మీద వచ్చిన చర్మవ్యాధుల డాక్టరు ఒక్కరే. మంచివాడే, నెమ్మదస్తుడు, నన్ను ఎప్పుడూ "సిస్టర్ గారూ" అనే పిలిచేవాడు.

వానలు పడుతున్న రోజులు. రాత్రి రెండింటప్పుడు ఒక తండ్రి ఎనిమిదేళ్ల పిల్లాణ్ణి బైకు మీద ముందు కూర్చోబెట్టుకుని తెచ్చాడు. కడుపునొప్పి, రెండు వాంతులు. నేలమీద పడుకున్నాడట. పాము కరిచిందని ఎవరూ అనలేదు, ఒంటిమీద గాటు లేదు, వాపు లేదు. పిల్లాడి గడ్డం పట్టి పైకి చూడమన్నాను. చూశాడు గానీ రెప్పలు పూర్తిగా లేవలేదు, తల వెనక్కి వంచి రెప్పల కిందనుంచి నన్ను చూశాడు. రెప్పలు అలా వాలాయంటే కట్లపామే కరిచి ఉంటుంది అనుకున్నాను. డాక్టరు గారూ అదే అన్నారు. ఆయనకి తెలియక కాదమ్మా, అదే నా బాధ.

ఫ్రిజ్‌లో పాము మందు వయల్స్ ఉన్నాయి. "సార్, వేసి పంపుదాం" అన్నాను. ఆయన చేతులు వణికాయి. మందుకి రియాక్షన్ వచ్చి పిల్లాడు ఇక్కడే పోతే ఊరంతా మీద పడుతుంది, ఇది నా సబ్జెక్టు కాదు, విశాఖ పంపిస్తే పెద్ద డాక్టర్లు చూసుకుంటారు అన్నారు. రిఫరల్ చీటీ రాశారు, వచ్చిన టైము, బీపీ, పల్స్ అన్నీ నీటుగా. నేను సెలైన్ పెట్టి 108 ఎక్కించాను. విశాఖ అక్కడికి వంద కిలోమీటర్ల పైనే, అందులో సగం మలుపులు. ఘాట్ దిగకముందే పిల్లాడికి ఊపిరి ఆగిపోయింది.

తెల్లారి తండ్రి మా ముందుకొచ్చి అరవలేదు. ఆ చీటీ మడత విప్పి ఇచ్చి, "దీంతో ఇంకేమైనా పనుందా అమ్మా" అని అడిగాడు. ఆ రోజు మధ్యాహ్నం డాక్టరు గారు నా దగ్గరికొచ్చి, ఆ మందు ఎలా కలుపుతారో చూపించమన్నారు. చూపించాను. తర్వాత ఆ ఏడాదంతా ఆయన చేతులమీదుగా చాలామంది బతికారు. అయినా ఆ పిల్లాడి లెక్క వేరు.

అందుకే నీకు చూపించాల్సింది కూడా ఇప్పుడే రాస్తున్నాను. వయల్‌లో ఉండేది పొడి. నీళ్లు పోశాక ఊపకూడదు, నురగ వచ్చేస్తుంది. రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లించాలి. పది వయల్స్ కలపడానికి ఒక్కరికైతే చాలాసేపు పడుతుంది కాబట్టి సిస్టర్‌నీ, వార్డు బాయ్‌నీ, చేతులు ఖాళీగా ఉన్న ఎవరినైనా పిలువు. పిల్లాడు కదా అని డోసు తగ్గించకు. పాము పిల్లాణ్ణి చూసి విషం తగ్గించి వదలదు. తగ్గించాల్సింది మందు కలిపి ఎక్కించే సెలైనే. టెస్ట్ డోస్ పేరుతో టైము పోగొట్టకు. అడ్రినలిన్ సిరంజిలో ఎక్కించి ట్రేలో పెట్టుకున్నాకే డ్రిప్ మొదలుపెట్టు. రియాక్షన్ వస్తే తొడకి వేస్తావు, ఆగుతుంది. ఊపిరి ఆగితే మళ్లీ రాదు. పంపాల్సి వస్తే మందు ఎక్కుతుండగా పంపు, ఊపిరి అందించే అంబు బ్యాగ్ నొక్కడం వచ్చిన మనిషిని తోడిచ్చి పంపు. రక్తపింజర అని అనుమానమొస్తే రక్తం గడ్డకడుతుందో లేదో 20 నిమిషాలు చూసే పరీక్షకి గాజు ట్యూబే కావాలి, శుభ్రంగా, పొడిగా ఉండాలి, ప్లాస్టిక్ పనికిరాదు. అది కూడా చాలాచోట్ల ఉండదు. కనురెప్ప వాలడం నీకంటే ముందు ఎవరు కనిపెడతారు చెప్పు? నీ సబ్జెక్టు కాదని మాత్రం అనకు, ఆ మాట వింటే నేను ఊరుకోను.

భయపెట్టేశానేమో. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకి మా క్వార్టర్‌కి వచ్చి, డ్రెస్సింగ్ గదిలో దూది ఉండలు చేస్తూ నా పక్కనే కూర్చునేదానివి. పురుగుల మందు తాగిన మనిషిని మోసుకొస్తే ఏడ్చి బయటికి పారిపోయావు. కాసేపటికి నువ్వే తలుపు దగ్గరకొచ్చి "బతికాడా అత్తా" అని అడిగావు. ఆ అడిగే పిల్ల నీలో ఉంటే చాలు, చేతులు అవే నేర్చుకుంటాయి.

అక్కడి సిస్టర్లనీ ఏఎన్ఎంలనీ ఆశాలనీ పేరుపెట్టి, గౌరవంగా పిలువు. ఏ ఊరికి దారి తెగింది, ఏ గర్భిణిని డోలీలో మోసుకురావాలి, ఎవరు వాళ్ల కువి భాషలో మాట్లాడితే తప్ప చెప్పరు, ఇవన్నీ వాళ్లకే తెలుసు. ఇంకో సంగతి. ఏటా కొత్త డాక్టరు వచ్చి మళ్లీ మొదటి నుంచి అడుగుతాడని అక్కడివాళ్లు విసుక్కుంటారు, అందులో తప్పేమీ లేదు. ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టి నువ్వు చూసే మూర్ఛ రోగులు, బీపీ వాళ్లు, ఆపరేషన్‌కి ఒప్పుకున్న శుక్లాల వాళ్లు, ఎవరికి ఏ మందు పడలేదు, అన్నీ రాసుకో. దిగి వచ్చే రోజు దాన్ని నీ తర్వాత వచ్చేవాళ్ల చేతికివ్వు. బీరువాలో పెట్టి రాకు.

మీ నాన్న సంగతి నేను చూసుకుంటాను. నువ్వు మాత్రం వారానికోసారి వాడికి వీడియో కాల్ చేసి ముఖం చూపించు. నాకు ఏ అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యి, రెండో రింగుకే ఎత్తుతాను. జాయినైన రోజే ఫ్రిజ్ తెరిచి పాము మందు ఎన్ని వయల్స్ ఉన్నాయో, ఎక్స్‌పైరీ ఎప్పుడో నాకు మెసేజ్ పెట్టు. పదికి తక్కువుంటే ఆ సాయంత్రమే ఇంకా పంపమని ఇండెంట్ రాసి, కాపీ నీ దగ్గర ఉంచుకో.

ఆశీస్సులతో,
మీ అత్త