గెలిపించిన నాయకుడికి హద్దులెందుకు?

ప్రశ్న: ప్రజలు ఓటు వేసి గెలిపించిన అధినేత నిర్ణయాన్ని చట్టసభో, న్యాయస్థానమో నిలిపివేస్తే అది ప్రజాతీర్పును కాదన్నట్టే కదా? దేశం ఆపదలో ఉన్నప్పుడైనా ఆయన చేతులు కట్టివేయకుండా ఉండాలి కదా?
– ఒక పాఠకుడు

జవాబు: ఓటరు అధినేతకు ఇచ్చేది పదవి, ఆ పదవికి ఎంత అధికారం ఉండాలో రాజ్యాంగం ముందే నిర్ణయించింది, ఆయన దానికి ఒప్పుకునే పోటీకి దిగారు. పైగా చట్టసభ సభ్యులను ఎన్నుకున్నదీ ఆ ప్రజలే కనుక, వారు అడ్డు చెబితే ప్రజాతీర్పును ధిక్కరించారనడం సబబు కాదు.

మీ రెండో ప్రశ్న బరువైనది. ఆపత్కాలంలో వేగంగా కదలగల అధికారం ప్రభుత్వానికి ఉండవలసిందే. కానీ ఆపద వచ్చిందని ప్రకటించేవారూ, అది తీరిందని తేల్చేవారూ ఒక్కరే అయితే ఆ ఆపద ఎన్నటికీ తీరదు.

2024 డిసెంబర్ 3 రాత్రి దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ టీవీలో మార్షల్ లా (సైనిక పాలన) ప్రకటించారు. జాతీయ అసెంబ్లీ కార్యకలాపాలను సైతం నిషేధిస్తూ ఉత్తర్వు వెలువడింది, సైనికులు కిటికీల అద్దాలు పగలగొట్టి భవనంలోకి చొరబడ్డారు. సిబ్బంది కుర్చీలు, బల్లలు అడ్డుపెట్టి వారిని నిలువరిస్తుండగా, స్పీకర్‌తో సహా పలువురు సభ్యులు ప్రహరీ గోడ దూకి లోపలికి చేరుకున్నారు. మొత్తం 300 మందిలో హాజరైన 190 మందీ అర్ధరాత్రి దాటాక ఎత్తివేతకు ఓటు వేశారు. మెజారిటీ సభ్యులు కోరితే అధ్యక్షుడు మార్షల్ లా ఎత్తివేయాలని అక్కడి రాజ్యాంగం 77వ అధికరణ శాసిస్తోంది. తెల్లవారేలోపే ఆయన ఎత్తివేయక తప్పలేదు.

ఇటువంటి నియమమే వైమార్ జర్మనీ (హిట్లర్‌కు ముందు నాటి గణతంత్ర జర్మనీ) రాజ్యాంగంలోని 48వ అధికరణలోనూ ఉండేది. 1930 జూలైలో ప్రభుత్వ ఆర్థిక చర్యలను అత్యవసర ఆజ్ఞ ద్వారా అమలు చేయబోగా, చట్టసభ ఓటు వేసి ఆ ఆజ్ఞను రద్దు చేసింది. అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ చట్టసభనే రద్దు చేశారు, ఆజ్ఞ మళ్లీ జారీ అయింది. సెప్టెంబర్ ఎన్నికల్లో నాజీల స్థానాలు 12 నుంచి 107కు పెరిగాయి. కొరియాలో 1987 నాటి రాజ్యాంగం సభను రద్దు చేసే అధికారాన్ని అధ్యక్షుడికి ఇవ్వలేదు. నా దృష్టిలో రెంటి మధ్య ప్రధానమైన తేడా ఇదే: తనను ఆపగల సభను ఇంటికి పంపే అధికారం అధినేత చేతిలోనే ఉంటే, ఆపమని ఎంత స్పష్టంగా రాసినా అది కాగితం మీదే మిగిలిపోతుంది.

ఇక న్యాయస్థానాల సంగతి. కొరియా యుద్ధం సాగుతుండగా, 1952 ఏప్రిల్‌లో, సమ్మె వల్ల ఉక్కు ఉత్పత్తి ఆగిపోతుందని భయపడి అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ఉక్కు మిల్లులను ప్రభుత్వ అధీనంలోకి తీసుకున్నారు. అందుకు అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్ చేసిన చట్టమేదీ లేదని సుప్రీంకోర్టు జూన్ 2న 6–3 తేడాతో ఆ ఉత్తర్వును కొట్టివేసింది. తీర్పు నచ్చకపోయినా ట్రూమన్ మిల్లులను యజమానులకు తిరిగి అప్పగించారు. ఆ వెంటనే మొదలైన సమ్మె 53 రోజులు సాగింది కనుక, హద్దుల వల్ల నష్టమే ఉండదని నేను మీకు చెప్పలేను. ఆ నష్టాన్ని, 1930లో చట్టసభ రద్దుతో జర్మనీకి వాటిల్లిన దానితో పోల్చి చూడండి.