తలనొప్పికి అత్తగారి బీపీ మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 29. రెండు నెలలుగా తలనొప్పి, పొద్దున లేవగానే ఎక్కువ. మందుల షాపులో బీపీ చూస్తే 152/98 ఉంది. మా అత్తగారు వాడే టెల్మిసార్టాన్ 40 మాత్ర పది రోజులుగా వేసుకుంటున్నాను. బీపీ తగ్గింది గానీ తలనొప్పి తగ్గలేదు, రోజూ నొప్పి మాత్ర వేసుకుంటున్నాను. వంగి లేస్తే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. రాత్రి పడుకుంటే చెవిలో హోరు. ఏడాదిన్నరలో 12 కిలోలు పెరిగాను. మొటిమలకు డాక్సీసైక్లిన్ మూడు నెలలుగా వాడుతున్నాను. బీపీ మాత్ర ఇక జీవితాంతం వాడాలా? వెల్లుల్లి తింటే తగ్గుతుందంటారు, నిజమేనా?
– ఒక సోదరి, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, వెల్లుల్లి సంగతి తర్వాత. మీరు మధ్యలో ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన మాట నన్ను కలవరపెడుతోంది. వంగి లేస్తే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయన్నారు. ఈ మాట వినగానే ఇంట్లోవాళ్ళు నీరసం అంటారు, రక్తం తక్కువైందంటారు. ఆ క్షణంలో మీకు తల తిరుగుతోందా, లేక తల నిలకడగానే ఉండి చూపు మాత్రం కొన్ని సెకన్లు నల్లబడి తిరిగి వస్తోందా? రెండోదైతే, దానికి పొద్దుటి తలనొప్పి, చెవిలో హోరు, తక్కువ కాలంలో పెరిగిన బరువు, డాక్సీసైక్లిన్ తోడైతే, పుర్రె లోపలి ఒత్తిడి పెరిగిందేమో అని అనుమానించక తప్పదు. ఆ హోరు గుండె కొట్టుకునే లయలోనే వినిపిస్తుంటే అనుమానం ఇంకా బలపడుతుంది. మిమ్మల్ని చూడకుండా ఇదే జబ్బు అని నేను తేల్చలేను. పరీక్ష మాత్రం వాయిదా వేయదగినది కాదు.

బీపీ వేరు, ఇది వేరు. చేతికి పట్టీ చుట్టి చూసేది రక్తనాళాల్లోని ఒత్తిడి. పుర్రె మూతపడిన ఎముక పెట్టె. అందులో మెదడు, రక్తం, మెదడు చుట్టూ తిరిగే సుమారు 150 మిల్లీలీటర్ల నీరు సర్దుకుని ఉంటాయి. ఆ నీరు రోజుకు దాదాపు అర లీటరు తయారవుతుంది, అంతే మొత్తం తిరిగి రక్తంలోకి ఇంకిపోవాలి. ఇంకడం మందగిస్తే పెట్టె సాగదు కాబట్టి లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి కంటి నరం చుట్టూ ఉన్న పొర గుండా ముందుకు పాకి, నరం కంటిలోకి వచ్చే చోట వాపు తెస్తుంది. గడ్డలేవీ లేకుండా ఇలా జరగడం 20 నుంచి 45 ఏళ్ళ మధ్య, బరువు పెరిగిన ఆడవాళ్ళలో ఎక్కువగా చూస్తాం. డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్, మొటిమలకే వాడే ఐసోట్రెటినోయిన్, మోతాదు మించిన విటమిన్ ఎ కూడా దీన్ని తెచ్చిపెట్టగలవు. మీ డాక్సీసైక్లిన్ ఈరోజే ఆపండి. మొటిమలు నాలుగు వారాలు ఆగుతాయి, కంటి నరం ఆగదు.

ఇక ఆ టెల్మిసార్టాన్. కోప్పడుతున్నాననుకోవద్దు, కానీ ఈ అలవాటు గురించి ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. అత్తగారికి రాసిన మాత్ర అత్తగారి వయసు, కిడ్నీలు, గుండె చూసి రాసింది. మీ విషయంలో అవేవీ ఎవరూ చూడలేదు. గర్భిణులు టెల్మిసార్టాన్ వేసుకోకూడదు, కడుపులోని బిడ్డకు హాని. మీకు నెలసరి సమయానికి వస్తోందో లేదో రాయలేదు, ఏమాత్రం సందేహం ఉన్నా ముందు గర్భ పరీక్ష చేయించుకోండి. నొప్పి మాత్ర పేరూ రాయలేదు. అది ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటిదైతే అదే బీపీని పెంచుతుంది, టెల్మిసార్టాన్‌తో కలిస్తే కిడ్నీలకు చేటు. రక్త పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), పొటాషియం చూపించుకోండి. నెలలో సగం రోజులు నొప్పి మాత్ర మింగితే కొన్నాళ్ళకు ఆ మాత్రే తలనొప్పి తెస్తుంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది, ఆ మాత్ర వల్ల పోయిన పది రోజులు. అంకె తగ్గింది కాబట్టి నయమవుతోందని మీరు నమ్మారు. మెదడుకూ కంటి నరానికీ రక్తం అందాలంటే లోపలి ఒత్తిడిని దాటుకుని వెళ్ళాలి. లోపలి ఒత్తిడి అలాగే ఉండి, పైన బీపీని ఇష్టం వచ్చినట్టు దించితే, వాచిన నరానికి అందే రక్తం ఇంకా తగ్గవచ్చు. మెదడు మీద ఒత్తిడి ప్రమాదకరంగా పెరిగితే శరీరం తనంతట తానే బీపీని పెంచుతుందని, నాడి నెమ్మదిస్తుందని హార్వే కుషింగ్ అనే అమెరికా న్యూరోసర్జన్ వందేళ్ళకు పైగా క్రితమే వివరించారు. మీది ఆ స్థితిలా కనిపించడం లేదు. కానీ బీపీ ఎందుకు పెరిగిందో తెలియకుండా దించడం ఎందుకు తప్పో చెప్పడానికి దీన్ని ప్రస్తావించాను. బీపీ మరీ పెరిగినా కంటి నరం వాస్తుంది. అందుకే బీపీ, కంటి నరం రెండూ ఒకే రోజు చూడాలి. ఫిజీషియన్ చూసి చెప్పేదాకా ఆ మాత్ర మళ్ళీ వేసుకోవద్దు.

నిరుడు నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి ఇవే లక్షణాలతో మూడు నెలలు గడిపింది. కళ్ళజోడు రెండుసార్లు మార్చింది, సైనస్ అని ఆవిరి పట్టింది. ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతోంది కదా అనుకుంది. ఈ జబ్బులో చూపు అంచుల నుంచి పోతుంది, నడిమి చూపు చివరిదాకా నిలుస్తుంది కాబట్టి తెలియదు. ఆమెకు ఒత్తిడి తగ్గించగలిగాం. పోయిన చూపు పోయినట్టే ఉంది. ఎండిన కంటి నరం మళ్ళీ చిగురించదు.

రేపే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి, చుక్కలు వేసి కంటి నరం చూడమని అడగండి. అద్దాల నంబరు చూసి పంపేస్తే సరిపోదు. నరం వాచి ఉంటే అదే రోజు న్యూరాలజీకి వెళ్ళాలి. మీ జిల్లావారికి గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో ఆ విభాగం ఉంది. ఎంఆర్‌ఐతో పాటు మెదడు సిరలు చూసే వెనోగ్రామ్ కూడా తీస్తారు, ఎందుకంటే సిరల్లో గడ్డకట్టిన రక్తం కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఆ మాట దాచకుండా చెప్పండి. స్కాన్ తర్వాత నడుము దగ్గర సూదితో నీరు తీసి ఒత్తిడి కొలుస్తారు. సూదికి తగిలించిన గొట్టంలో నీరు ఎంత ఎత్తుకు లేస్తుందో అదే ఆ కొలత. పెద్దవారిలో 25 సెంటీమీటర్లు దాటితే ఎక్కువ అంటాం. వెన్నులో నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయని మన దగ్గర బలమైన భయం ఉంది. వెన్నుపాము నడుము పై భాగంలోనే ముగుస్తుంది, సూది దానికి దిగువన వేస్తారు. ఆ భయంతో సంతకం పెట్టకుండా ఇంటికి వెళ్ళిపోయినవారిని చూశాను, మీరు అలా చేయవద్దు.

జబ్బు అదేనని తేలితే అసిటజోలమైడ్ లాంటి మందులున్నాయి. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి మేలు జరుగుతుంది, కొందరికి ఇంకా తగ్గాల్సి వస్తుంది.

మీరు అడిగినవాటికి: షాపులో ఒక్కసారి చూసిన అంకెతో జీవితాంతం మాత్ర నిర్ణయించరు. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది. అయిదు నిమిషాలు కూర్చుని, తగిన పట్టీతో, వేర్వేరు రోజుల్లో చూడాలి. వెల్లుల్లి కూరలో వేసుకోండి, దాన్ని మందు అనుకోవద్దు. పచ్చళ్ళు తగ్గించండి.

ఒక్కసారిగా భరించలేని తలనొప్పి, ఆగని వాంతులు, ఫిట్స్, కాలు చేయి బలహీనత, మాట తడబడటం, ఒకటి రెండుగా కనబడటం, చూపు తగ్గడం – వీటిలో ఏది వచ్చినా రేపటిదాకా ఆగకుండా 108కి ఫోను చేయండి.

వాడిన మాత్రల అట్టలన్నీ వెంట తీసుకెళ్ళండి. తోడుగా ఎవరినైనా రమ్మనండి. చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, స్కూటీ నడపకూడదు.