స్కిడ్ ప్లేటు మార్చాక జీపు అదురుతోంది.. షాపు మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: నమస్కారం సార్. మాది హనుమకొండ. నర్సంపేట అవతల మాకు చెలక ఉంది. వానాకాలంలో వాగు దాటి పోవాలంటే మామూలు బండి పనికిరాదని 2023లో ఫోర్ బై ఫోర్ జీపు కొన్నాను. మా నాన్నకు జీపంటే ప్రాణం. ఆయన చనిపోయిన ఏడాదే కొన్నాను కాబట్టి ఆ బండిని చూస్తే నాన్నే గుర్తొస్తాడు. రాళ్లకు అడుగు తగులుతోందని హైదరాబాద్‌లోని ఒక యాక్సెసరీస్ షాపులో 2024 సెప్టెంబరు 28న మందపాటి స్టీలు స్కిడ్ ప్లేటు వేయించాను. గేర్ బాక్స్ కింద కంపెనీ వేసిన క్రాస్ మెంబర్ తీసేసి, దాని జాగాలో ఈ ప్లేటు బిగించారు. ఫిట్టింగుతో కలిపి రూ.48 వేలు యూపీఐలో కట్టాను. జీఎస్టీ ఎక్స్‌ట్రా అంటే బిల్లు వద్దన్నాను. తిరిగొస్తుంటే జనగామ రాకముందే 70 స్పీడు దగ్గర అదురు మొదలైంది. ఇక్కడి మెకానిక్ ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు (షాఫ్ట్ రెండు చివర్లా ఉండే కీళ్లు) రెండూ మార్చాడు. అయినా తగ్గలేదు. తర్వాత ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ సీల్ లీకైంది. బయటి ప్లేటు వేశారు కాబట్టి వారంటీ లేదని షోరూమ్ వాళ్లు పంపించేశారు. షాపు ఓనరు మొదట్లో ‘వచ్చే నెల తెండి, చూద్దాం’ అన్నాడు. ఇప్పుడు ‘గుట్టల మీద తిప్పి మామీద పడుతున్నావా’ అని తిడుతున్నాడు. మా అమ్మకు నడుం నొప్పి, బండెక్కనంటోంది. శని, ఆదివారాల్లో పాకాల, లక్నవరం వచ్చినవాళ్లను తిప్పేవాణ్ని, ఆ ఆదాయం రూ.60 వేల దాకా పోయింది. ప్లేటు పీకేసి పాతది పెట్టించి ఇంకో షోరూమ్‌కు పోతే వారంటీలో చేస్తారని మా దోస్తు అంటున్నాడు. ఏం చేయమంటారు? కేసు వేస్తే హైదరాబాద్ తిరగాలా? ఆర్టీఓ వాళ్లు ఫైన్ వేస్తారా?

జవాబు: మీ ఉత్తరంలో చాలా సంగతులున్నాయి. కేసును తేల్చేది మాత్రం ఒక్కటే. ఆ ప్లేటు బిగించడంతో గేర్ బాక్స్ ఎత్తు మారిందా, అదురు అందువల్లే వచ్చిందా? ఇది రుజువు చేయగలిగితే మీ కేసు నిలుస్తుంది. చేయలేకపోతే అమ్మగారి నడుం నొప్పి గురించి, నాన్నగారి జ్ఞాపకం గురించి ఎన్ని పేజీలు రాసినా వినియోగదారుల కమిషన్ ముందు పనికిరాదు.

ముందు యంత్రం సంగతి చూద్దాం. వకీలుకు ఇది తెలియకపోతే అవతలి వకీలు రెండు ప్రశ్నల్లో కేసు తేలగొట్టేస్తాడు. మీ బండిలో క్రాస్ మెంబర్ అనేది గేర్ బాక్స్ తోకను మోసే అడ్డపట్టీ. అడుగు ఎక్కువ తగలకుండా ఉండాలని ఫ్లాట్ ప్లేట్లు తయారుచేసేవాళ్లు గేర్ బాక్స్‌ను కొంచెం పైకి లేపుతారు. తోక లేస్తే వెనక చక్రాలను తిప్పే డిఫరెన్షియల్‌కు పోయే షాఫ్ట్ వాలు పెరుగుతుంది. వాలుగా తిరిగే క్రాస్, ఆ షాఫ్ట్‌ను ఒకే వేగంతో తిప్పదు. ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెంచి, రెండుసార్లు తగ్గిస్తుంది. రెండు చివర్లలోని కోణాలు సమానంగా ఉంటే రెండో క్రాస్ ఆ తేడాను సరిచేస్తుంది. సమానంగా లేకపోతే ఆ తేడా అదురుగా బయటపడుతుంది, స్పీడు పెరిగేకొద్దీ ఎక్కువవుతుంది.

ఇదేమీ ఈ వ్యాపారంలో ఎవరికీ తెలియని రహస్యం కాదు. అమెరికాలో 1997 నుంచి 2006 దాకా వచ్చిన జీప్ రాంగ్లర్ టీజే మోడల్‌లో స్కిడ్ ప్లేటే గేర్ బాక్స్‌ను మోస్తుంది. అక్కడ దాన్ని పైకి లేపి ఫ్లాట్‌గా చేయించుకునేవాళ్లు వెనక డబుల్ కార్డన్ షాఫ్ట్ (ఒక చివర రెండు క్రాసులు జతగా ఉండేది) వేయించుకోవడం, డిఫరెన్షియల్ పినియన్ కోణం సరిచేయించుకోవడం, ఇంజన్ మౌంటింగులు కొంచెం లేపించుకోవడం మామూలు. ఈ విషయం కేసులో ఎందుకంటే, ప్లేట్లు అమ్మడమే వృత్తిగా ఉన్న మనిషి ‘నాకు తెలియదు’ అనడానికి వీల్లేదు. తెలిసి మీకు చెప్పకపోతే, కావాలని సమాచారం దాచిపెట్టడం కూడా సేవాలోపమేనని వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని సెక్షన్ 2(11) అంటోంది. కాబట్టి ‘ప్లేటు నాసిరకం’ అని రాయకండి. ప్లేటు గట్టిదే కావచ్చు. ‘బిగించిన తీరు తప్పు, బిగిస్తే ఏమవుతుందో చెప్పకపోవడం తప్పు’ అని రాయాలి. ఫిర్యాదులో ఈ ఒక్క వాక్యం తప్పుగా రాస్తే ప్లేటు మందం ఎంత, స్టీలు గ్రేడు ఏమిటి అన్న చర్చలోనే ఏడాది గడిచిపోతుంది.

ఇక మీ అజాగ్రత్త. రూ.48 వేల పనికి జీఎస్టీ మిగులుతుందని బిల్లు వద్దన్నారు. అది పొదుపు కాదు, మీ సాక్ష్యాన్ని మీరే చేతులారా పోగొట్టుకోవడం. తీసేసిన కంపెనీ క్రాస్ మెంబర్ ఎక్కడుందో ఒక్క మాట కూడా రాయలేదు. షాపులోనే వదిలేసి వచ్చారని అనుకుంటున్నాను. మార్చిన పాత క్రాసులు కూడా మెకానిక్ దగ్గరే వదిలేసి ఉంటారు. బండి చెడిపోయిందని కోర్టుకు వెళ్లేవాడు తీసిన ప్రతి పార్టునూ సంచిలో వేసి, తేదీ రాసి ఇంట్లో పెట్టుకోవాలి.

అయినా అంతా పోలేదు. యూపీఐ చెల్లింపులో తేదీ, సమయం, షాపు ఖాతా పేరు ఉంటాయి. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకుంటే డబ్బు కట్టినట్టు రుజువైనట్టే. వాట్సాప్‌లో ప్లేటు గురించి మాట్లాడుకుని ఉంటే అది బిల్లుకన్నా బలమైనది. ముఖ్యంగా ‘ఇది వేస్తే బండికి ఏమైనా అవుతుందా’ అని మీరడిగి, ‘ఏం కాదు, డైరెక్ట్ ఫిట్’ లాంటి జవాబు వచ్చి ఉంటే దాన్ని కాపాడుకోండి. స్క్రీన్‌షాట్లు తీశాం కదా అని ఫోన్ మార్చేయకండి, రీసెట్ చేయకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్యం విషయంలో సివిల్ కోర్టులంత పట్టుబట్టవు. అయినా సర్టిఫికెట్ పెట్టండి, అవతలివాళ్ల అభ్యంతరం మొదట్లోనే పోతుంది.

మీరు దండగ ఖర్చు అనుకుంటున్న క్రాసుల బిల్లు కూడా మీకు పనికొస్తుంది. కొత్త క్రాసులు వేసినా అదురు పోలేదంటే తప్పు క్రాసుల్లో లేదని తేలినట్టే. ఆ మెకానిక్ నుంచి, ఏ తేదీన మార్చాడు, కిలోమీటర్ రీడింగ్ ఎంత, మార్చాక అదురు ఎలా ఉంది అని సంతకంతో రాయించుకోండి. ప్లేటు వేయకముందు షోరూమ్‌లో చేయించిన సర్వీసుల జాబ్ కార్డులు కూడా తీయండి. వాటిలో అదురు గురించి ఒక్క ఫిర్యాదూ లేకపోతే ‘ముందు నుంచే ఉంది’ అన్న వాదన అక్కడితో ఆగిపోతుంది.

మీ దోస్తు చెప్పిన సలహా గురించి గట్టిగా చెబుతున్నాను. ఆ పని చేయకండి. ప్లేటు ఎప్పుడూ వేయలేదన్నట్టు ఇంకో షోరూమ్‌లో వారంటీ అడిగితే అది మోసం. భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 318 వర్తిస్తుంది. చాసిస్ మీద బోల్టుల గీతలు, పెయింటు లేచిన చోట్లు చూసి పది నిమిషాల్లో పట్టుకుంటారు. మొదటి షోరూమ్ కంపెనీ సిస్టమ్‌లో ‘బయటి ఫిట్‌మెంట్’ అని నమోదు చేసి ఉంటే అంతసేపు కూడా పట్టదు. ఆ తర్వాత షాపు మీద కేసు వేస్తూ అదే ప్లేటు వల్ల నష్టపోయానని అఫిడవిట్ ఇస్తారా? రెండు చోట్ల రెండు మాటలు చెప్పిన మనిషిని ఏ కమిషనూ నమ్మదు. వినియోగదారుల కమిషన్ విచారణ న్యాయ విచారణ కిందే లెక్క. అక్కడ తప్పుడు సాక్ష్యం ఇస్తే న్యాయ సంహితలోని సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. పైగా ప్లేటు ఇప్పుడెలా బిగించి ఉందో అదే మీ ప్రధాన సాక్ష్యం. కొలతలు తీయకుండా దాన్ని విప్పితే మీ కేసును మీరే విప్పుకున్నట్టు.

కాబట్టి ముందు కొలత. ఇన్సూరెన్స్ సర్వేయర్ లైసెన్స్ ఉన్న ఆటోమొబైల్ ఇంజనీరును పెట్టుకోండి, మీ చుట్టాన్నీ మీ మెకానిక్‌నూ వద్దు. తేదీ, స్థలం రాసి, వచ్చి చూసుకోమని షాపుకు రిజిస్టర్డ్ పోస్టులో కబురు పంపండి. రాకపోయినా ఫర్వాలేదు, పిలిచినట్టు ఆధారం ఉంటుంది. ఇంజనీరు ప్లేటు ఉండగానే గేర్ బాక్స్ ఫ్లాంజ్ (షాఫ్ట్ బిగించే అంచు), షాఫ్ట్, డిఫరెన్షియల్ ఫ్లాంజ్ మూడు చోట్లా యాంగిల్ మీటర్ పెట్టి కొలవాలి. అదురు ఇంజన్‌ది కాదని కూడా అప్పుడే తేల్చాలి. బండి ఆపి, న్యూట్రల్‌లో, 70 స్పీడులో ఉండే ఆర్‌పీఎం దాకా రేస్ ఇచ్చి చూడాలి. అప్పుడు అదరకుండా, రోడ్డు మీద స్పీడును బట్టే అదురుతుంటే తప్పు చక్రాల వైపు పోయే భాగంలో ఉన్నట్టు. ఆగి ఉండగానే రేస్‌కు అదిరితే ప్లేటు ఎక్కడో గేర్ బాక్స్‌కో సైలెన్సర్ పైపుకో రాసుకుంటోందేమో చూడాలి. అది కూడా ఫిట్టింగ్ తప్పే, కానీ వేరే తప్పు. టైర్ల బ్యాలెన్సింగ్ కూడా అదే రోజు చేయించి స్లిప్ దగ్గర పెట్టుకోండి. షాపు వకీలు మొదట అడిగేది టైర్ల గురించే.

తర్వాత కంపెనీ క్రాస్ మెంబర్ స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో బిల్లుతో కొని, అదే ఇంజనీరు ముందు బిగించి, మళ్లీ కొలవాలి. అదే రోడ్డు మీద అదే స్పీడులో నడపాలి. రెండు కొలతలకూ వీడియో తీయండి, కిలోమీటర్ మీటర్ కనపడేట్టు. కంపెనీ పట్టీ పెట్టగానే కోణాలు సరిపోయి అదురు పోయిందంటే మీ కేసు సగం గెలిచినట్టే. విప్పిన స్కిడ్ ప్లేటును బోల్టులతో సహా ఇంట్లో భద్రంగా పెట్టండి. ఈ రిపోర్టును షాపు కాదంటే, వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 38(2)(సి) కింద పరీక్షకు పంపమని కమిషన్‌నే కోరవచ్చు. వరంగల్ ఎన్ఐటీ మెకానికల్ విభాగం అభిప్రాయం తీసుకోమని కూడా అడగవచ్చు.

గడువు విషయం జాగ్రత్త. అదే చట్టంలోని సెక్షన్ 69 ప్రకారం నష్టం తెలిసిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. మీకు అదురు అదే రోజు జనగామ రాకముందే తెలిసిందని మీరే రాశారు. అంటే లెక్క 2024 సెప్టెంబరు 28 నుంచే మొదలు. గడువు 2026 సెప్టెంబరు 27తో ముగుస్తుందనే అనుకుని పని చేయండి. షాపువాడు ‘వచ్చే నెల చూద్దాం’ అన్న నెలలన్నీ మీ గడువులోంచే పోయాయి. ఉత్తరాలు రాసినా, లీగల్ నోటీసు పంపినా గడువు పెరగదు. దాటితే సెక్షన్ 69(2) కింద ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు గానీ, అందుకు గట్టి కారణం చూపాలి. పొలం పనులు, ఇంట్లో పెళ్లి అంటే ఒప్పుకోరు.

పర్యాటకులను తిప్పిన ఆదాయం మాట ఫిర్యాదులో నష్టంగా అడగకండి. వ్యాపారం కోసం వాడిన బండి అయితే మీరు వినియోగదారుడే కాదని షాపు మొదటి అభ్యంతరం లేవదీస్తుంది. ఆ వాడకం ప్రధానంగా దేనికోసమో కమిషన్ చూస్తుంది. మీది ముఖ్యంగా చెలకకు, ఇంటికి వాడుకునే బండి కాబట్టి ఆ అభ్యంతరాన్ని ఎదుర్కోవచ్చు. కానీ సొంత నంబరు ప్లేటు బండిలో పర్మిట్ లేకుండా డబ్బు తీసుకుని జనాన్ని తిప్పడం నేరం. నష్టపరిహారం పేరుతో ఆ నేరాన్ని సంతకం పెట్టి మరీ ఒప్పుకుంటారా? తిప్పడం ఇప్పుడే ఆపండి. విచారణలో అడిగితే అబద్ధం మాత్రం చెప్పకండి.

షోరూమ్ విషయం. ఆయిల్ సీల్ ఆ అదురు వల్లే పోయి ఉంటే వారంటీ నిరాకరణ సబబే కావచ్చు. వాళ్ల మీద కోపంతో కంపెనీని, షోరూమ్‌ను, అందరినీ కేసులో ఇరికిస్తే ముగ్గురు వకీళ్లు ముగ్గురి మీదకు తోసుకుంటారు. షాపు ఒక్కటే ప్రతివాది. షోరూమ్ నుంచి మాత్రం నిరాకరణకు కారణం రాతపూర్వకంగా తీసుకోండి. ‘బయటి ప్లేటు వల్ల సీల్ పాడైంది’ అని వాళ్లు రాసిస్తే అది షాపు మీద మీకే సాక్ష్యం.

ఆర్టీఓ గురించి: మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చే మార్పులు చేయకూడదంటుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకు 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ప్లేటు బోల్టులతో బిగించారా, చాసిస్ కోసి వెల్డింగ్ చేశారా అన్నది వెంటనే చూడండి. కోసి ఉంటే కంపెనీ క్రాస్ మెంబర్ తిరిగి పెట్టించేటప్పుడు దాన్ని కూడా ఫొటోలతో రిపోర్టులో చేర్చమనండి. ఇన్సూరెన్స్ కంపెనీకి ఈ ప్లేటు గురించి చెప్పారో లేదో కూడా చూసుకోండి.

హైదరాబాద్ తిరగనక్కర లేదు. వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 34(2)(డి) ప్రకారం మీరు నివసించే చోటే వేయవచ్చు, అంటే వరంగల్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. మీరు కట్టిన మొత్తం రూ.5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయవచ్చు. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకుంటే కొన్నిసార్లు షాపులు అక్కడే దిగొస్తాయి. అలా దిగొచ్చి డబ్బు ఇస్తానంటే, డబ్బు ఖాతాలో పడకుండా ‘ఇక ఏ ఫిర్యాదూ లేదు’ అన్న కాగితం మీద సంతకం పెట్టకండి. నోటీసు అందాక షాపు 30 రోజుల్లో, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజుల్లో జవాబివ్వాలి. అంతకు మించి గడువు ఇవ్వడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

అడగాల్సింది ఇవి: కట్టిన రూ.48 వేలు, కొత్త క్రాస్ మెంబర్ ధర, క్రాసులకూ ఆయిల్ సీల్‌కూ అయిన బిల్లులు, ఇంజనీరు ఫీజు, కోర్టు ఖర్చులు, మానసిక క్షోభకు ఒక మోస్తరు మొత్తం. లక్షల్లో అడిగితే బిల్లున్న డబ్బు మీద కూడా అనుమానం వస్తుంది. బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్ కాపీ, మెకానిక్ రాసిచ్చిన కాగితం, సర్వీసు జాబ్ కార్డులు పట్టుకుని ఈ వారంలోనే మీ ఊరి వకీలును కలవండి. ఆ రోజుదాకా ప్లేటు మీద స్పానర్ పెట్టనివ్వకండి, అదురుతున్న బండిని హైవే మీదకు తీయకండి.