అమ్మడికి, మ్యాట్ పరిచే ముందు

చి.ల.సౌ. అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు అడిగినవాటికి అన్నీ సగం సగం జవాబులే చెప్పాను. పక్కన మీ పెదనాన్నగారు టీవీ గట్టిగా పెట్టుకుని కూర్చున్నారు మరి. తీరిగ్గా రాస్తానన్నాను కదా, ఇదిగో.

47 ఏళ్లకి పిలాటిస్, అదే మ్యాట్ మీద చేసే ఆ వ్యాయామం, మొదలుపెడితే ఒంటికి పడుతుందా అన్నావు. పడుతుంది. నేను మొదలుపెట్టింది నీకంటే చాలా పెద్ద వయసులో, రిటైరయ్యాక. అన్నేళ్లు బళ్లో పిల్లల చేత డ్రిల్లు చేయించినదాన్ని, ఒంటి సంగతి నాకు కాస్త తెలుసనే నమ్మకంతో విను.

బరువు తగ్గడానికి అని మాత్రం మొదలుపెట్టకు. తూకం రాయి చూసుకుంటూ చేస్తే నెల తిరిగేసరికి విసుగొచ్చి మానేస్తావు, ఎందుకంటే పిలాటిస్ కరిగించేది పెద్దగా ఉండదు. అది ఇచ్చేది బలం. నువ్వు చెప్పిన బాధలన్నీ చూడు: బిందె ఎత్తితే నడుం పట్టేయడం, సంక్రాంతికి అరిసెలు వొత్తుదామని కింద కూర్చుంటే గోడ పట్టుకుంటే గానీ లేవలేకపోవడం, కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు దిగేటప్పుడు ఎవరో చెయ్యందిస్తే గానీ ఒడ్డు మీదికి అడుగు వెయ్యలేకపోవడం. ఇందులో బరువు పాత్ర కొంత ఉంటే ఉండొచ్చు గానీ, అసలు లోటు కండది. 30 దాటిన దగ్గర్నుంచి వాడని కండ పదేళ్లకి 3 నుంచి 8 శాతం దాకా తరుగుతుందని లెక్క. ముట్లుడిగే వయసులో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గితే దాంతోపాటు ఎముక కూడా పలచబడుతుంది. పంటు దిగేటప్పుడు ఒక్క క్షణం ఒంటికాలి మీద నిలబడాలి. ఆ క్షణాన తొంటి పక్క కండ, పొత్తికడుపు లోపలి కండ పట్టివ్వాలి. అవి పట్టివ్వకపోతే ఎవరో చెయ్యందించాల్సిందే.

"యోగా ఉందిగా పెద్దమ్మా" అంటావని తెలుసు. ఉంది, మంచిదే, చేసేవాళ్లు చెయ్యండి. ఇందులో వెల్లకిలా పడుకుని నడుం పైకి లేపే బ్రిడ్జిని మీ యోగా టీచరు సేతుబంధాసనం అంటుంది. తేడా ఎక్కడంటే, ఆసనంలో ఎక్కువగా నిలిచి ఉంటాం. ఇందులో కదులుతూ ఉంటాం, కదులుతున్నంతసేపూ నడుం, తొంటి అదుపు తప్పకుండా చూసుకుంటాం. దీన్ని కనిపెట్టిన జోసెఫ్ పిలాటిస్ అనే జర్మనీ ఆయన దీనికి పెట్టిన పేరే కంట్రాలజీ, అంటే అదుపు విద్య. 1883లో పుట్టాడు, చిన్నప్పుడు ఉబ్బసంతో బాధపడ్డ బక్కప్రాణి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్ వాళ్లు జర్మన్లని పట్టి శిబిరాల్లో పెడితే, అక్కడ తోటివాళ్లకి నేర్పాడు. మంచం పట్టినవాళ్ల కోసం మంచాలకి స్ప్రింగులు కట్టించాడని, ఇప్పుడు స్ప్రింగుల మీద లాగుతూ నెడుతూ చేసే రిఫార్మర్ మిషన్‌కి మూలం అదేనని చెప్తారు. 1926లో న్యూయార్క్ వెళ్లి స్టూడియో పెట్టాక డ్యాన్సర్లు దెబ్బలు తగిలినప్పుడల్లా ఆయన దగ్గరికి పరిగెత్తేవారు. చరిత్ర చాలు.

మ్యాట్ కొనే ముందు డాక్టరమ్మని కలువు. నీకు గర్భసంచి ఆపరేషన్ అయింది, బీపీ మాత్ర వేసుకుంటున్నావు, మీ అమ్మకి తొంటి ఎముక విరిగింది. ఈ మూడూ చెప్పి, ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాన్ నాకు అవసరమా అని నీ అంతట నువ్వే అడుగు, ఆవిడ అడిగేదాకా ఆగకు. ఎముక పలచబడిందని తేలితే వీడియోల్లో చూపించే కొన్ని పనికిరావు. పడుకున్నచోట నుంచి వీపు గుండ్రంగా వంచుతూ లేచే రోలప్, మోకాళ్లు పట్టుకుని వెనక్కీ ముందుకీ దొర్లడం నీ జోలికి రానివ్వకు. ముందుకి వంగిన వీపు మీద బరువు పడితే పలచబడ్డ వెన్నుపూస నలుగుతుంది. బీపీకి సంబంధించి ఒకటే మాట, ఊపిరి బిగబట్టకు. కాల్లోకి కరెంటు కొట్టినట్టు జివ్వుమన్నా, తిమ్మిరి దిగినా ఆ రోజుకి ఆపెయ్. కండ నొప్పి మర్నాడు వస్తుంది, దానికి భయపడక్కర్లేదు. కీలు నొప్పి అప్పటికప్పుడే పొడుస్తుంది, అది మంచిది కాదు.

మిషన్ గురించి అడిగావు. రాజమండ్రి వెళ్లి రిఫార్మర్ మీద చేద్దామా అని. ఇప్పుడే వద్దు. స్ప్రింగులు సాయం చేస్తాయి కాబట్టి మిషన్ మీద అన్నీ వచ్చేసినట్టే ఉంటుంది. నేల మీదైతే వంచన కుదరదు. పైగా వంతెన దాటి, ట్రాఫిక్‌లో చిక్కుకుని వెళ్లొచ్చేసరికి సగం పూట పోతుంది. రెండు వారాలు వెళ్తావు, మూడో వారం ఎవరింట్లోనో వ్రతం ఉంటుంది. ఆ డబ్బుతో నీ ఒక్కదాన్నే చూస్తూ చెప్పే టీచర్ దగ్గర ఆన్‌లైన్లో ఐదారు క్లాసులు తీసుకో. ఎక్కడ నేర్చుకున్నావమ్మా, ఎంతమందికి ఒకేసారి చెప్తావు అని మొహమాటం లేకుండా అడుగు. ఫోన్ పక్క నుంచి నువ్వు నిలువునా కనిపించేలా పెట్టమంటే ఆ అమ్మాయికి పని తెలుసన్నమాట. నీకేసి చూడకుండా "ఇంకో పది, ఇంకో పది" అని అరిచే టీచరైతే మానెయ్. ఆ కేకలు నేను బోలెడు వేశాను, బళ్లో పిల్లలకి సరిపోతాయి, నీ వయసుకి కాదు.

చోటు, వేళ. టైల్స్ నేల మీద తుంగచాప జారుతుంది. కింద బొంత వేశావా, నడుం కుంగి ఎక్కడుందో తెలియదు. 10 మిల్లీమీటర్ల మందానికి తగ్గని మ్యాట్ ఒకటి కొనుక్కో. మన కోనసీమ ఉక్కలో ఎండెక్కాక ఏమీ చెయ్యలేవు. పాలవాడు వచ్చి వెళ్లిన వెంటనే, కాఫీ తాగి, టిఫిన్‌కి ముందు చేసుకో. నైటీ వద్దు, మోకాలెక్కడుందో కనిపించదు. పాత చుడీదార్ ప్యాంటు, ఒంటికి పట్టి ఉండే టాప్ చాలు.

ఇక అసలు పని. సంప్రదాయంగా మ్యాట్ మీద చేసేవి 34 ఉన్నాయి. నీకు ఇప్పుడు ఐదు చాలు.

మొదటిది ఊపిరి. దీన్ని అందరూ దాటేస్తారు, నువ్వు మాత్రం వారం రోజులు ఇదే చేసినా నష్టం లేదు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడుచుకో, పాదాలు తొంటి వెడల్పున ఉండాలి. తువ్వాలు పక్కటెముకల చుట్టూ తిప్పి కొసలు ముందు పట్టుకో. ముక్కుతో పీలిస్తే తువ్వాలు పక్కలకి, వీపు వైపుకి బిగియాలి, పొట్ట ఒక్కటే పైకి లేస్తే లాభం లేదు. నోటితో వదులుతూ, మూత్రం ఆపుకోవాలంటే ఏ కండ బిగిస్తావో దాన్ని నెమ్మదిగా పైకి లాగు. మూడో వంతు బలం చాలు. బొడ్డు కింద పొట్ట దానంతటదే లోపలికి వెళ్తుంది. పీల్చేటప్పుడు పూర్తిగా వదిలెయ్. ఈ వదలడం కూడా సగం పని. (బాత్రూంలో నిజంగా ఆపి ప్రాక్టీస్ చెయ్యకు, అది మంచిది కాదు.) తుమ్మినా నవ్వినా చుక్క పడుతోందని చెప్పావు కదా, దానికి ఇదే మొదటి మెట్టు. రెండు మూడు నెలలకీ తగ్గకపోతే సిగ్గుపడకుండా ఫిజియోథెరపిస్ట్‌కి చూపించుకో.

రెండోది చూడ్డానికి ఏమీ లేదు, కష్టం మాత్రం ఇందులోనే ఉంది. అలాగే పడుకుని నడుం కింద నీ వేళ్లు దూర్చు. ఊపిరి వదులుతూ ఒక కాలు, మోకాలు మడిచినది మడిచినట్టే, తొడ నిలువుగా నిలబడేదాకా ఎత్తు. పీల్చు. మళ్లీ వదులుతూ బొటనవేలు నేలకి తగిలేంత దించు. ఇంతే. కానీ కాలు దించుతుంటే వేళ్ల మీద నడుం బరువు మారకూడదు. బరువు తేలిక పడిందా, నడుం పైకి లేస్తోందన్నమాట, కాలు అక్కడే ఆపి వెనక్కి తెచ్చుకో. ఈరోజు సగం దూరమే వచ్చిందనుకో, ఈరోజుకి నీది సగం దూరమే. నేలకి తగిలించాలని ఆరాటపడితే పొట్ట చెయ్యాల్సిన పని నడుం చేస్తుంది, సాయంత్రానికి మంచమెక్కుతావు. కాలికి ఆరుసార్లు నిజంగా చేస్తే నుదుటి మీద చెమట పడుతుంది. పడకపోతే వేగంగా చేసేస్తున్నావని అర్థం.

మూడోది బ్రిడ్జి. తోక ఎముక దగ్గర మొదలుపెట్టి ఒక్కో పూసా లేపుతూ భుజాల రెక్కల దాకా వెళ్లు, మెడ మీదికి మాత్రం బరువు తేకు. దిగేటప్పుడు చుట్టిన చాపని నేల మీద విప్పినట్టు పైనుంచి కిందికి దిగాలి. అందరూ లేవడం జాగ్రత్తగా లేచి దబ్బున పడతారు. తొడ వెనక పట్టేస్తే మడమలు కాస్త దగ్గరికి జరుపుకో.

నాలుగోది పక్కకి తిరిగి పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు కలిపి ఉంచి పై మోకాలు తెరవడం. పై చెయ్యి తొంటి మీద పెట్టి చూసుకో, తొంటి వెనక్కి దొర్లుతుంటే తక్కువ తెరువు. పంటు దిగే కండ ఇదే.

ఐదోది, చేతులూ మోకాళ్ల మీద ఉండి కుడి చెయ్యీ ఎడమ కాలూ, మళ్లీ ఎడమ చెయ్యీ కుడి కాలూ చాపడం. నడుం మీద ఖాళీ ప్లాస్టిక్ గ్లాసు పెట్టుకో, పడకుండా ఎంత చాపగలిగితే అంతే చాపు. మణికట్టు నొప్పి అయితే పిడికిళ్ల మీద ఆనుకో.

"హండ్రెడ్" అని ఒకటుంటుంది, వీడియోల్లో అందరూ దాంతోనే మొదలుపెడతారు. ఐదు లెక్కలు పీల్చడం, ఐదు లెక్కలు వదలడం, అలా పదిసార్లు, చేతులు పైకీ కిందికీ కొడుతూ. ఇది నీకు మూడో నెలలో, అప్పుడు కూడా తల మ్యాట్ మీదే పెట్టి. తల ఎత్తి చేస్తే నీకు మిగిలేది మెడ నొప్పే.

అయ్యాక గభాల్న లేవకు. పక్కకి దొర్లి, మోకాళ్ల మీదికి వచ్చి, కుర్చీ మీద చెయ్యి వేసి లే. ఈ లేవడాన్ని కూడా వ్యాయామం కిందే లెక్క వేసుకో. కొన్నాళ్లకి కుర్చీ అక్కర్లేకుండా పోవాలి.

వారానికి మూడు రోజులు, పూటకి పాతిక నిమిషాలు. రోజూ చేస్తానని శపథాలు పట్టకు. పిలాటిస్ ఒక్కటే సరిపోతుందని చెప్పేవాళ్ల మాట కూడా నేను నమ్మను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, దానితో పాటు కనీసం రెండు రోజులు కండకి బలమిచ్చే పని చెప్తోంది. కాబట్టి కాలవగట్టు మీద నడక మానకు. ఎముక గట్టిపడాలంటే బరువులు కూడా ఎత్తాలి. మూడు నెలలు పోయాక, డాక్టరమ్మ సరేనంటే, చేతికి రెండేసి కిలోల బియ్యం సంచులతో మొదలుపెడదాం. అది వేరే ఉత్తరం.

తిండి మాట ఒకటి. కండ పెరగాలంటే సరుకు పడాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్కన కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్, అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. నువ్వు పిల్లలకి ముక్కలన్నీ వడ్డించి, మిగిలిన పులుసు అన్నంలో కలుపుకుని లేస్తావు, నేను చూస్తూనే ఉన్నాను. గుడ్డులో దాదాపు 6 గ్రాములు, 100 గ్రాముల శీలావతి చేప ముక్కలో 17 దాకా ఉంటాయి. భీమవరం చెరువుల పక్కన పుట్టి చేపముక్క తినకపోతే ఎలా? కార్తీకంలో పప్పు గట్టిగా వండుకో, పెరుగు, ఉడికించిన సెనగలు చేర్చుకో. కిడ్నీ ఇబ్బంది ఏమైనా ఉంటే మాత్రం డాక్టర్ చెప్పినట్టే తిను.

మీ ఆయన ఎటకారం గురించి చెప్పావు, "కొత్తగా నేల మీద పాకుతున్నావేంటి" అన్నాడని. మన గోదావరి జిల్లాల్లో ఎటకారం లేని మొగుడు ఎక్కడ దొరుకుతాడే. ఆ రెండోది ఆయన్నే చెయ్యమను, నడుం కింద ఆయన వేళ్లే పెట్టుకుని. ఆ తర్వాత మాట్లాడితే అప్పుడు చూద్దాం.

మొదలుపెట్టే రోజున ఒక పని చెయ్. గోడకి ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు గుండెల మీద కట్టుకుని, 30 సెకండ్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలిగావో లెక్కపెట్టి క్యాలెండర్ మీద రాసుకో. వంటగట్టు పక్కన ఒంటికాలి మీద ఎన్ని సెకండ్లు నిలబడ్డావో అది కూడా రాయి. నెలకోసారి ఇవే రెండూ చూసుకో. అద్దం, తూకం రాయి, మీ ఆడపడుచు అభిప్రాయం అక్కర్లేదు.

దసరాకి వస్తావు కదా, నీ బ్రిడ్జి నేనే చూస్తాను. నీ మ్యాట్ నువ్వు తెచ్చుకో, నా మ్యాట్ మీద మీ పెదనాన్నగారు మధ్యాహ్నం పూట కునుకు తీస్తున్నారు, అడిగితే ఇచ్చేలా లేరు.

ఇట్లు,
పెద్దమ్మ