లంబోర్గినీని బరంపురం తెచ్చే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. రొయ్యల వ్యాపారంలో నిలదొక్కుకున్నావు కనుక చిన్ననాటి ముచ్చట తీర్చుకోవాలని, ముంబయిలో ఎవరో వాడి అమ్ముతున్న లంబోర్గినీ హురకాన్‌ను కొని బరంపురం తేవాలని చూస్తున్నావట, అక్కయ్య చెప్పింది. వద్దనడానికి ఈ ఉత్తరం వ్రాయడం లేదు. జాతీయ రహదారి పక్కన నలభై ఏళ్లు షెడ్డు నడిపినవాడిని. ట్రాక్టర్లు చేసి అమ్ముకునే ఫెరూచియో లంబోర్గినీ 1963లో కార్ల కంపెనీ పెట్టాడని చదివిన నాటి నుంచి ఆ పేరంటే నాకూ మోజే.

అమ్మేవాడు నీకు ముందుగా ఇంజిన్ శబ్దం వినిపిస్తాడు. నువ్వు ముందుగా వంగి టైరు చూడు. టైరు పక్కభాగం మీద డాట్ (DOT) అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. అవి 2318 అయితే ఆ టైరు 2018వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఇటువంటి కార్లు ఏడాదిలో తిరిగేది చాలా తక్కువ కనుక గ్రిప్పు కొత్తదానిలాగే కనిపిస్తుంది గాని, రబ్బరు ఏళ్లు గడిచే కొద్దీ గట్టిపడి రోడ్డును పట్టుకోవడం మానేస్తుంది. ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్న సంగతి. పదిహేనేళ్ల కిందట ఒక గిరాకీ తెచ్చిన బలమైన కారును పరీక్షించడానికి ఇచ్ఛాపురం వైపు తీసుకువెళ్లాను. తొలకరి జల్లుకు రోడ్డు అప్పుడే తడిసింది. లారీని దాటుదామని యాక్సిలరేటర్‌ను కాస్త గట్టిగా తొక్కేసరికి వెనక చక్రాలు జారి, బండి గిర్రున తిరిగి డివైడర్ మీది గన్నేరు పొదల్లో ఆగింది. నిగనిగలాడుతున్న ఆ టైర్ల వయసు ఏడేళ్లని దిగి చూశాకే తెలిసింది. బాగుచేయడానికి ఎంత అయిందో మీ అత్తయ్యకు ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

టైర్ల తరువాత బ్రేకులు. హురకాన్‌లలో చాలావాటికి ఉండేవి కార్బన్ సిరామిక్ డిస్కులు. ఎంత వేడెక్కినా పట్టు వదలవు, చాలాకాలం మన్నుతాయి. అయితే చక్రం విప్పేటప్పుడు ఎవరైనా అజాగ్రత్తగా తగిలించి అంచు పగులగొట్టి ఉంటే, కొత్తవి వేయించడానికి లక్షలు పోయాలి. అందుచేత నాలుగు చక్రాలూ విప్పించి చూడకుండా బయానా ఇవ్వకు. కంపెనీ వారి సర్వీసు కేంద్రంలో కంప్యూటర్ తగిలించి క్లచ్ ఎంత అరిగిందో చదివించు. కాగితాల విషయం నీకు తెలియనిది కాదు: అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం తీసుకుని, 12 నెలలు దాటకుండా ఇక్కడ పన్ను కట్టి మన ఓడీ 07 నంబరు వేయించుకోవాలి.

ఇక నడపడం. 2014లో వచ్చిన హురకాన్ ఇంజిన్ బలం 610 గుర్రాలు. ఆగి ఉన్న బండి 3.2 సెకన్లలో గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. నాలుగు లేన్ల జాతీయ రహదారి మీద కార్లకు చట్టం అనుమతించే గరిష్ఠ వేగం కూడా అంతే, అంటే నీ సరదా మూడు సెకన్లలో ముగుస్తుంది. గంటకు 200 వేగంలో బండి సెకనుకు 55 మీటర్లు పోతుంది. గేదె కనబడి నీ కాలు బ్రేకు మీదికి వెళ్లేలోగా 80 మీటర్లు గడిచిపోతాయి, ఆ తరువాత ఆగడానికి పట్టే దూరం 100 వేగంలో పట్టేదానికి నాలుగింతలు. ఇంకొక చిక్కు ఉంది. ఇంజిన్ నీ వీపు వెనకనే, బండి నడుమకు దగ్గరగా ఉండడం వల్ల అది ఎంత చురుకుగా మలుపు తిరుగుతుందో అంత చురుకుగానే గిరికీలు కూడా కొడుతుంది. వంపులో వేగం ఎక్కువైందని బెదిరి యాక్సిలరేటర్ మీది నుంచి ఒక్కసారిగా కాలు తీశావా, బరువంతా ముందుకు వచ్చి వెనక చక్రాలు తేలికై జారతాయి. ఈ పాఠం తప్తపాణి ఘాట్ రోడ్డు మీద నేర్చుకునేది కాదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాక్ ఉంది. మంచి శిక్షకుడిని పక్కన కూర్చోబెట్టుకుని అక్కడ రెండు రోజులు నడుపు.

మన ఊరి సంగతి వేరే చెప్పాలి. ఠాకురాణీ జాతర నెలలో బండి బయటికి తీయకు. ఆ గేర్‌బాక్సులో క్లచ్‌లు రెండు, జనం మధ్య అంగుళం అంగుళం కదుపుతూ పోతే రెండూ కాగిపోతాయి. గోపాలపురం వైపు ఇల్లు కట్టుకున్నావు కనుక ఉప్పుగాలికి తట్టుకునేలా అడుగుభాగం నెలకొకసారి మంచినీటితో కడిగించు. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది, ట్యాంకులో నెలల తరబడి నిలవ ఉంచకు. 2013లో ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు మన వీధులు ఎలా ఉన్నాయో నీకు గుర్తుండే ఉంటుంది. ఇంత నేలబారు కారు మోకాలిలోతు నీటిలో దిగి ఇంజిన్‌లోకి నీరు పీల్చిందంటే, నీరు గాలిలాగా అణగదు కనుక లోపలి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. మామూలు బీమా దానికి సాధారణంగా డబ్బు ఇవ్వదు, ఇంజిన్ రక్షణ విడిగా తీసుకో. తుపాను కబురు రాగానే ఎత్తైన చోటికి చేర్చడానికి ఒక స్థలం ఇప్పుడే మాట్లాడి పెట్టు.

మీ గేటు దగ్గర ర్యాంపు నిటారుగా ఉంది, ఆ ముక్కు దానికి తప్పకుండా గీసుకుంటుంది. ముందుభాగాన్ని పైకి లేపే ఏర్పాటు ఆ బండికి ఉందో లేదో అడిగి తెలుసుకుని నాకు ఫోను చేయి. లేదంటే మేస్త్రీని పిలిపించి ర్యాంపును ఇంకో ఆరడుగులు ముందుకు వాలుగా కట్టిస్తాను.

ఇట్లు
నీ మేనమామ